ఆయన నెలాఖరు దాకా ఉండాలి

నా ఉద్యోగం పర్మినెంటు కావాలంటే బాబాయిగారు అక్టోబరు నెలాఖరు దాకా బతికి ఉండాలి. ఈ సంగతి నాకు బాపట్లలో, జిల్లా ఆఫీసు వరండాలో, మా ఫైలు చూసే గుమాస్తా చెప్పాడు. చెప్పి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఇంత మొరటుగా చెప్పలేదనుకోండి. "మీ ఆఫీసులో ఉన్నది ఒక్కటే పోస్టు మేడమ్. అక్టోబరు ఆఖరున ఆయన రిటైరైతే అది ఖాళీ కింద చూపిస్తాం, కాంట్రాక్టులో ఉన్న మీకు వస్తుంది. సర్వీసులో ఉండగా ఆయనకేమన్నా అయితే మాత్రం ముందు వాళ్లింట్లో వాళ్లకి ఇవ్వాలండి. కారుణ్య నియామకం కదా," అన్నాడు. నేను తలూపాను. అప్పటికి ఇంకా ఐదు నెలలుంది.

నేను తెనాలిలో ఉంటాను. రేపల్లెలో కాలువలు, కరకట్టల కాగితాలు చూసే ఒక చిన్న ప్రభుత్వాఫీసులో పదకొండేళ్లు కాంట్రాక్టు టైపిస్టుగా చేశాను. ఏటా మార్చి ఆఖరున నన్ను తీసేసేవాళ్లు. ఒక రోజు వదిలి మళ్లీ తీసుకునేవాళ్లు. ఆ ఒక్క రోజూ నేను రిజిస్టరులో లేనిదాన్ని. అయినా వెళ్లి పనిచేసేదాన్ని, వెళ్లకపోతే మర్నాడు నా కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారని భయం. ఆ భయంతోనే జ్వరాలు దాచుకున్నాను, పై అధికారుల ఇళ్లలో పెళ్లిళ్లకి శుభలేఖలు టైపు చేసిపెట్టాను, వాళ్లు వేసిన ప్రతి జోకుకీ నవ్వాను. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి.

మా ఆఫీసులో పర్మినెంటు గుమాస్తా బాబాయిగారు ఒక్కరే. నాకు చుట్టమేమీ కాదు. చేరిన రోజునే "సార్ ఏంటమ్మా, బాబాయ్ అను," అన్నారు, అదే స్థిరపడిపోయింది. నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఆయనది భట్టిప్రోలు. నేను తెనాలిలో ఎక్కిన రేపల్లె బండినే ఆయన భట్టిప్రోలులో ఎక్కేవారు. రెండేళ్ల కిందట గుండెకి స్టెంటు వేశారు. బీపీ, షుగరు సరేసరి. ఇవన్నీ నాకు తెలుసు గానీ, పట్టించుకున్నది ఎప్పుడూ లేదు.

బాపట్ల వెళ్లొచ్చిన మర్నాడు మాత్రం భట్టిప్రోలుకి ముందు స్టేషను పెనుమర్రు దాటగానే కిటికీ పక్కకి జరిగాను. భట్టిప్రోలు ప్లాట్‌ఫారం మీద ఆయన తెల్లచొక్కా కనపడేదాకా కిటికీ ఊచలు పట్టుకునే కూర్చున్నాను. ఇక రోజూ అదే వరస.

సేవ మొదలుపెట్టాను. ఉప్పు తగ్గించి ఆయన కోసం వేరేగా కూర వండి తెచ్చేదాన్ని. పాత ఫైళ్ల కోసం స్టూలు ఎక్కబోతే చెయ్యి పట్టుకుని దింపేదాన్ని. ఎండలో నడవనివ్వకుండా స్టేషన్ బయట ఆటో పిలిచేదాన్ని. మా అటెండరమ్మ "కన్నకూతురైనా ఇంత చూడదమ్మా," అని అందరి ముందూ మెచ్చుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. కూర తేవడం మాత్రం మానలేదు.

ఆయన కన్నకూతురు డిగ్రీ చేసి ఇంట్లోనే ఉంది. బ్యాంకు పరీక్షలు, గ్రూపు పరీక్షలు రాసి రాసి విసిగిపోయి ఉంది. ఒకసారి వాళ్ల నాన్న మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఆఫీసుకి వచ్చింది. నా టేబులు పక్కన నిలబడి, "అక్కా, ఇక్కడ పని ఎక్కువుంటుందా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. "తెగ ఉంటుందమ్మా, నడుములు పడిపోతాయి," అన్నాను. ఆ పిల్ల నా కుర్చీని కాదు, వాళ్ల నాన్న కుర్చీని చూస్తోంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పితే ఊరమిరపకాయలు, మాగాయ, అప్పడాలు ఉన్నాయి. డాక్టరు వద్దన్నవన్నీ ఒక్క గిన్నెలోనే కనపడ్డాయి. "ఇవేంటి బాబాయిగారూ?" అన్నాను. "నోరు చప్పబడిపోయిందమ్మా," అని నవ్వారు. మర్నాడూ అవే. ఆ తరవాతి వారం ఏదో ఫైలు కోసం ఆయన సొరుగు లాగితే, అడుగున మందుల షాపు కవరు దొరికింది. అందులో బిల్లులతో సహా గుండె మాత్రల అట్టలు, జూన్‌లో కొన్నవి, జులైలో కొన్నవి. ఒక్క మాత్ర కూడా తీసి లేదు.

కవరు ఆయన ముందు పెట్టాను. ఆయన కవరు వైపు చూడలేదు, తలుపు వైపు చూశారు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, "నువ్వు బాపట్ల వెళ్లొచ్చావుగా," అన్నారు.

"వెళ్లానండి."

"మరి చెప్పే ఉంటారుగా. నేనూ వెళ్లానమ్మా, నీకంటే ముందే." గొంతులో కోపం లేదు, దాపరికం లేదు. సెలవు చీటీ గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. "నేనేమీ పురుగుమందు తాగి చావట్లేదుగా. మాత్రలు మానేశానంతే. నొప్పి వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

"పిన్నిగారికి చెప్పేస్తాను," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"క్యారేజీ కట్టేది ఎవరనుకున్నావు?" అన్నారు.

ఆవిడ నెమ్మదైన మనిషి. వాళ్లింటికి వెళ్లిన రెండుసార్లూ బొట్టు పెట్టి, పూలిచ్చి పంపింది. ఆవిడకి మాత్రల సంగతి తెలుసో, భర్త నోరు తెరిచి అడిగాడని పెట్టిందో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనా ఇంకేమీ చెప్పలేదు. కవరు సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నువ్వెందుకు ఇంత కంగారుపడుతున్నావని అడుగుతారు. దానికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టే మాత్రలు కొని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. సెప్టెంబరంతా ఇద్దరం పక్కపక్కనే ప్రయాణం చేశాం. వేరుశనక్కాయల పొట్లం కొని సగం నాకు పెట్టేవారు. మా అమ్మాయి ఎలా చదువుతోందని అడిగేవారు, అదీ ప్రేమగా అడిగేవారు. ఆ ప్రేమే నన్ను ఎక్కువ భయపెట్టింది. మా ఇద్దరిలో ఎవరో ఒకరు నష్టపోకుండా నవంబరు రాదని ఇద్దరికీ తెలుసు. అయినా కిటికీ పక్క సీటు నువ్వు కూర్చోమంటే మీరు కూర్చోండని మర్యాదలు చేసుకునేవాళ్లం.

నెలాఖరు ఇంకో నాలుగు రోజులుందనగా, బండి పల్లికోన దాటాక, పొట్లం ఆయన చేతిలోంచి జారింది. ముఖం బూడిదరంగుకి తిరిగింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని నా వైపు చూశారు. నేను మాత్ర తీశాను. ఆయన పెదాలు బిగించి తల అడ్డంగా ఊపారు. ఒక్కసారే ఊపారు, చాలా స్పష్టంగా ఊపారు.

రెండు వేళ్లతో దవడ నొక్కి నోరు తెరిపించాను. నాలుక కింద మాత్ర పెట్టి, గడ్డం పట్టుకుని నోరు మూసి పెట్టాను. "ఉమ్మకండి బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను, ఉమ్మకండి," అని అరుస్తున్నాను. చుట్టూ మూగినవాళ్లు నన్ను కూతురనుకున్నారు. రేపల్లెలో బండి ఆగేసరికి ఎవరో అంబులెన్సు పిలిపించి ఉంచారు. ఆ కాసేపట్లో నేను దేవుడికి మొక్కింది ఆయన కోసం కాదు. నాలుగు రోజులు స్వామీ, నాలుగే రోజులు అని మొక్కాను.

ఆయన బతికారు. డాక్టరు నన్ను చూపించి, "ఈవిడ లేకపోతే మనిషి దక్కేవాడు కాదమ్మా," అని పిన్నిగారితో అన్నాడు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని భోరున ఏడ్చింది. వెనకాల గోడకి ఆనుకుని కూతురు నిలబడి ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు అలా చూస్తూ ఉంది, నేనే తల దించుకున్నాను. మర్నాడు లోపలికి పంపితే, బాబాయిగారు కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టి, అటు తిరిగి పడుకున్నారు.

ఆసుపత్రి మంచం మీదే రిటైరయ్యారు. మా ఆఫీసు వాళ్లు శాలువా, దండ అక్కడికే పట్టుకెళ్లారు. నేను వెళ్లలేదు. ఫిబ్రవరిలో నా ఆర్డరు వచ్చింది. బాపట్ల వెళ్లి తీసుకుని, ఆఫీసు మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదువుకున్నాను. సంతోషం కలగలేదంటే అబద్ధం చెప్పినట్టే. కళ్లనీళ్లు వచ్చేంత సంతోషం కలిగింది.

సర్వీసు రిజిస్టరు కోసం కుటుంబ సభ్యుల వివరాలు రాయమని ఒక ఫారం ఇచ్చారు. ఆ ఆదివారం ఇంట్లో భోజనాలయ్యాక అది నింపుతున్నాను. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి వెనక నుంచి వచ్చి, నా భుజం మీద గడ్డం ఆనించి చదువుతోంది.

"అమ్మా, నువ్వు సర్వీసులో ఉండగా ఏమన్నా అయితే ఈ ఉద్యోగం నాకిస్తారంటగా?" అంది.

దానికేమీ తెలియదు. బాబాయిగారి సంగతి నేను ఇంట్లో చెప్పనే లేదు. వాళ్ల క్లాసులో ఒకమ్మాయికి అలాగే ఉద్యోగం వచ్చిందట, అందుకని అడిగింది. కాంట్రాక్టులో ఉన్నన్నాళ్లూ నేను పోతే ఎవరికీ ఏమీ వచ్చేది కాదు.

"ఇస్తారు," అన్నాను.

అది ఫారం చేతిలోకి తీసుకుని, తన పేరున్న వరస మీద వేలు పెట్టింది. "ఇక్కడ నా పుట్టిన తేదీ తప్పు రాశావమ్మా. తరవాత ఇబ్బందవుతుంది, దిద్దు," అంది.

దిద్దాను.