పాత ఆక్సిజన్ ఫైలు

రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందు, అనంతపురంలో కెమిస్ట్రీ ప్రొఫెసరుగా ఉంటూ కంప్యూటేషనల్ ల్యాబు కూడా నేనే చూసుకునేవాణ్ణి. ఆ ల్యాబులో గాజుసామాను ఉండదు, ఆమ్లాల వాసన ఉండదు. ఒక ఏసీ గది, నాలుగు సర్వర్లు, అంతే. మే నెలలో ఏసీ ఆగితే మా లెక్కలూ ఆగేవి.

టైటానియం ఆక్సైడ్ పలక మీద పది బంగారు పరమాణువుల గుంపును కంప్యూటర్లో కట్టి, దానికి ఆక్సిజన్ అణువు ఎంత గట్టిగా అంటుకుంటుందో లెక్కగట్టడం మా పని. విషవాయువులను శుద్ధిచేసే ఉత్ప్రేరకాలు తయారుచేసేవాళ్ళకు ఆ పట్టు ఎంతో తెలియాలి. అంటుకున్నాక ఉండే మొత్తం శక్తిలోంచి, పలకా గుంపూ కలిసిన శక్తినీ, విడి ఆక్సిజన్ శక్తినీ తీసేస్తే పట్టు తేలుతుంది. మొదటి రెండు లెక్కలకు రోజులు పడతాయి. విడి ఆక్సిజన్‌కు పది నిమిషాలు చాలు. అందుకే దాన్ని ఎవరూ మళ్ళీ వేసేవారు కాదు. నేనెప్పుడో వేసిన ఫైలును సీనియర్లు జూనియర్లకు ఇచ్చేవారు.

నా చివరి పరిశోధక విద్యార్థి లక్ష్మీదేవిది ముదిగుబ్బ, గొర్రెలు పెంచే కుటుంబం. ఏదైనా మొహం మీదే అనేస్తుంది. బంగారు గుంపు ఆక్సిజన్‌ను ఎవరూ అనుకోనంత గట్టిగా పట్టుకుంటుందని ఆమె థీసిస్. పొడిగించిన గడువు కూడా ఇంకో వారంలో తీరిపోతుంది. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఐదేళ్ళ కష్టం గంగపాలు. సరిగ్గా అప్పుడు నా గదికి వచ్చింది.

"సార్, మీ ఆక్సిజన్ ఫైల్లో తప్పు ఉండాది. థీసిస్ చివర అనుబంధం రాస్తా చూస్తి. స్పిన్ లైను లేదు."

ఆక్సిజన్‌లో రెండు ఎలక్ట్రాన్లు జతకట్టకుండా ఒంటరిగా ఉంటాయి. ఆ సంగతి ప్రోగ్రాముకు చెప్పే లైను అది. దాన్ని వదిలేస్తే విడి ఆక్సిజన్ శక్తి తప్పుగా వచ్చి, పట్టు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఏటా డిగ్రీ పిల్లలకు బోర్డు మీద నేను చెప్పిన పాఠమే.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ళూ అందరికీ సరిపోయిన ఫైలు నీకే సరిపోలేదా అన్నాను. కోపం కన్నా భయమే ఎక్కువ. నా రెండు పేపర్లు దాని మీదే నిలబడి ఉన్నాయి. వైవాలో ఎవరూ అడగరులే, ఇట్లాగే ఇచ్చేయమని కూడా అన్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"మీరు సంతకం పెడితే పెట్టండి సార్. నేను పెట్టను," అన్నది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కూర్చుని మళ్ళీ వేశాం. పట్టు సగానికి సగం పడిపోయింది. అయితే గుంపు మీద ఆక్సిజన్ అంటుకునే ప్రతి చోటా తగ్గింపు ఒక్కటే కాబట్టి, ఏ చోట ఎక్కువ పట్టు, ఏ చోట తక్కువ అనే వరుస చెక్కుచెదరలేదు. ముఖ్యమైన అధ్యాయం కొట్టేసి, శీర్షిక మార్చి, ఆ వరుస మీదే థీసిస్ తిరగరాసింది. గడువుకు ఒక రోజు ముందు ఇచ్చేసింది. పట్టా వచ్చింది.

నా రెండు పేపర్లకు సవరణ పంపేటప్పుడు, కనిపెట్టింది నువ్వే, నీ పేరూ వేస్తానన్నాను.

"వద్దు సార్. తప్పు మీది, పేరూ మీదే ఉండనీండి," అన్నది.

అట్లాగే పంపాను. ఆ ఫైలు తీసేశాను. తర్వాత ప్రాజెక్టులు చేయడానికి ల్యాబుకు వచ్చిన ప్రతివారికీ మొదటి రోజు పని విడి ఆక్సిజన్ లెక్కే. రోజులు పట్టే లెక్కలను మేం పదిసార్లు సరిచూసుకున్నాం. పది నిమిషాలదాన్ని ఒక్కసారీ చూసుకోలేదు.