ఎత్తి పోసుకున్న నీళ్ళు

విడాకులైన మనిషిని భోజనానికి ఎలా పిలవాలో ఆ రోజుల్లో అమెరికాలో మా ఊరు పిస్కాటవే తెలుగువాళ్ళకి తెలియదు. ఎనభైల నడిమి సంవత్సరాలవి. అందరికీ నేనూ నా భార్యా జంటగానే పరిచయం. నన్ను పిలిస్తే ఆవిడ వైపు తప్పున్నట్టు అవుతుందేమోనని, ఆవిణ్ణి పిలిస్తే నాకు కోపం వస్తుందేమోనని, ఇద్దరినీ పిలవడం మానేశారు. ఆవిడ అరోరాకి, వాళ్ళక్క ఉన్న ఊరికి మారిపోయింది. అయినా నాకు పిలుపులు రాలేదు. అప్పటికే వాళ్ళకి అలవాటు తప్పిపోయింది. నాకు ఉడుకుమోత్తనం లేదని చెబితే అబద్ధం. వినాయక చవితి నాడు ఒక మిత్రుడి ఇంటి ముందు తెలిసినవాళ్ళ కార్లన్నీ ఆగి ఉంటే, ఆ వీధిలో రెండుసార్లు కార్లో తిరిగి, అన్నీ లెక్కపెట్టుకుని మరీ ఇంటికొచ్చాను.

వారంలో ఐదు రోజులు మందుల కంపెనీ ల్యాబ్‌లో గడిచిపోయేవి. శనివారం పొద్దున లేస్తే మాత్రం భయం వేసేది. రెండు రోజులపాటు ఎవరితోనూ ఒక్క మాట ఉండేది కాదు. సోమవారం ల్యాబ్‌లో "గుడ్ మార్నింగ్" అనబోతే గొంతు పెగిలేది కాదు.

అలాంటి ఒక శనివారం ఊళ్ళో లైబ్రరీ గోడమీద ఆ కాగితం చూశాను. హడ్సన్ లోయలో నాలుగు రోజుల సైకిల్ యాత్ర, తొందరేమీ లేదు, ద్రాక్షతోటలు, పాత కోటలు చూపిస్తాం, సామాను వ్యాన్‌లో వస్తుంది. నన్ను లాగింది కోటలూ కాదు, ద్రాక్షలూ కాదు. రోజూ రాత్రి అందరూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారని అడుగున ఒక ముక్క రాసి ఉంది. దానికోసం పేరు ఇచ్చాను.

ఇంకా నాతో మాట్లాడే ఒకే ఒక్క పాత మిత్రుడికి ఫోన్ చేసి చెప్పాను.

"సైకిలా? నీకేమైనా మెంటలా?" అన్నాడు. "అక్కడ తొక్కీ తొక్కీ విసుగొచ్చేగా ఇక్కడికొచ్చి కార్ కొన్నాం! డ్రైవ్ చేసుకుని వెళ్ళి చూసి రారాదూ?"

సెప్టెంబరు చివర్లో ఒక గురువారం బయల్దేరాం. తీరా చూస్తే గుంపులో అందరూ జంటలే. బయల్దేరిన పది నిమిషాలకల్లా మలుపు తిరిగి మాయమయ్యేవాళ్ళు. వెనక మిగిలింది ఇద్దరం, నేనూ, అరవై దాటిన ఒక రిటైర్డ్ స్కూలు టీచరూ. సన్నగా, పొట్టిగా ఉండేది. తలకి ఎప్పుడూ రుమాలు కట్టుకునేది. ఎత్తు ఎదురైతే ఏ మొహమాటమూ లేకుండా దిగి సైకిల్ నడిపించుకుంటూ వచ్చేది. నేనూ దిగేవాణ్ణి.

"నువ్వు తొక్కగలవుగా, వెళ్ళు," అంది మొదట్లో.

"నాకూ ఆయాసమేనండీ," అన్నాను. నిజానికి నాకు ఆయాసం లేదు. ఒక మనిషి నా పక్కన నడుస్తూ ఆపకుండా మాట్లాడి ఎన్ని నెలలైందో నాకు తెలుసు, అంతే.

ఎడమ పక్కన నది మాతోపాటే వచ్చేది. దాని ఒడ్డునే రైలు పట్టాలు. ఒకచోట నది మధ్య లంక మీద పడిపోయిన కోట కనబడింది. ఆవిడ సైకిల్ ఆపి దాని కథ చెప్పింది. ఎవరో వ్యాపారి పాత తుపాకులూ మందుగుండూ దాచుకోవడానికి గోదాము కట్టుకుంటూ, పనిలో పనిగా బురుజులు కూడా పెట్టించాడట. కట్టి ఇంకా వందేళ్ళు కాలేదట.

"వందేళ్ళు లేనిది కోటేమిటండీ?" అన్నాను. "మా వైపు కొండపల్లి అని ఒక కోట ఉంది. దాని వయసు వందల ఏళ్ళు. అయినా ఎవరూ వెళ్ళి చూడరు. మేకలు మేస్తుంటాయి."

"అయితే మీ మేకల ముందు మా కోట సిగ్గుపడాల్సిందే," అని పకపకా నవ్వింది.

ఆ సాయంత్రం సత్రంలాంటి పాత ఇంట్లో భోజనాల దగ్గరికి వెళ్ళేసరికి, ఆవిడ పక్క కుర్చీ మీద తన స్వెటర్ పెట్టి నాకోసం ఆపి ఉంచింది. వాళ్ళ ఊరు మా ఇంటికి గంట ప్రయాణమే. యాత్ర అయ్యాక కూడా ఆదివారాలు కలిసి సైకిల్ తొక్కుదామని తనే అంది. నేను పైకి సరేనని ఊరుకున్నాను గానీ, నా గదికి వచ్చాక ఆ మాట మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. నాకు ఆదివారాలు దొరికాయి. ఇవి చేజారకుండా చూసుకుంటే చాలనుకున్నాను.

రెండో రోజు ఒక ద్రాక్షతోటలో ఆగాం. కొండవాలు పొడుగునా తీగల వరసలు, పండిన గుత్తుల చుట్టూ కందిరీగలు. రుచి చూడమని గ్లాసుల్లో కొంచెం కొంచెం వైన్ పోసిచ్చారు. ఆవిడ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఇది చూడు, వానలో తడిసిన రాయిలా లేదూ?" అంటూ తన గ్లాసు నాకు అందించింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళిపోయింది. "వద్దండీ, థాంక్స్," అన్నాను. మరు నిమిషంలో కౌంటర్ వెనక అతను అదే వైన్ ఇంకో గ్లాసులో పోసిస్తే అందుకుని తాగాను. రాయి రుచి నాకేమీ తెలియలేదు.

అందులో విశేషమేదో ఉందని కూడా నాకు తోచలేదు. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఒకరి ఎంగిలి ఇంకొకరు ముట్టరు. బళ్ళో జామకాయ పంచుకోవాలన్నా చొక్కా కొస కప్పి కొరికి, కాకెంగిలేలే అని సర్దుకునేవాళ్ళం. కెమిస్ట్రీలో రెండు డిగ్రీలు తెచ్చుకున్నా ఆ చొక్కా కొస నన్ను వదల్లేదు.

మూడో రోజు ఎండ కాసింది. పొడుగాటి ఎత్తు ఎక్కి వచ్చేసరికి నా నీళ్ళు అయిపోయాయి. మిగతావాళ్ళంతా పైన చెట్టుకింద మాకోసం చూస్తున్నారు. ఆవిడ తన అల్యూమినియం సీసా మూత తీసి నాకిచ్చింది. ఈసారి వద్దనలేదు. ఎంతో మర్యాదగా ఉండాలనుకున్నాను. ఆవిడ సీసాని ఎంగిలి చెయ్యకూడదు గదా! తల వెనక్కి వంచి, సీసాని జానెడు ఎత్తున పట్టుకుని, ధార తప్పకుండా గొంతులో పోసుకున్నాను. చిన్నప్పటి విద్య. ఒక్క చుక్క చొక్కా మీద పడలేదు. చెట్టుకింద వాళ్ళు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. నేను కూడా సర్కస్ వాడిలా వంగి దండం పెట్టాను.

ఆవిడ చప్పట్లు కొట్టలేదు. సీసా తీసుకుని, దాని మూతి వంక చూసి, మిగిలిన నీళ్ళు రోడ్డు పక్క గడ్డిలో పారబోసి మూత పెట్టింది. "వెళ్దాం పద," అంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. నేను రెండుసార్లు నది చూపించి ఏదో అన్నాను. తలూపింది. భోజనాల దగ్గర ఆవిడ పక్క కుర్చీలో వేరెవరో కూర్చుని ఉన్నారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అలా ఉంది నా పని. చేసిన పాపం ఏమిటో మాత్రం తెలియలేదు.

యాత్ర నడిపించే అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది.

"రేపు ఆవిడ తొక్కరట. పొద్దున వ్యాన్‌లో స్టేషన్‌కి వెళ్ళిపోతారట. మీకేమైనా చెప్పారా?"

"లేదు. నా మీద కోపం వచ్చినట్టుంది. ఎందుకో తెలియదు."

సాయంత్రం ఆవిడే తనతో చెప్పుకుందంటూ ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. పోయిన ఏడాది ఆవిడకి కాన్సర్‌కి వైద్యం జరిగిందని, అప్పట్నుంచీ సొంత చెల్లెలే తన ఇంటికి పిలిచినప్పుడు అందరికీ పింగాణీ కప్పులు పెట్టి ఈవిడకి మాత్రం కాగితం కప్పు పెడుతోందని చెప్పింది. అది అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా నమ్మలేదట.

వేరే కప్పు అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా పెరటి గోడమీద ఒక గ్లాసు బోర్లించి ఉండేది, పనివాళ్ళ కోసం. దాన్ని మేమెవరం ముట్టుకునేవాళ్ళం కాదు. నా చిన్నతనమంతా దాన్ని చూశాను. అందులో తాగే మనిషి మొహం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రాత్రి సిగ్గుతో భోజనం ముట్టకుండా గదికి వెళ్ళిపోయాను.

పొద్దున్నే కిందికి దిగాను. ఆవిడ వరండాలో సంచీ పక్కన పెట్టుకుని కాఫీ తాగుతూ వ్యాన్ కోసం చూస్తోంది. ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాను. మా దేశంలో ఇది అలవాటని, అందరి దగ్గరా ఇలాగే చేస్తామని, మీ సీసా పాడుచెయ్యకూడదనే ఎత్తి పోసుకున్నానని. మర్యాద కోసమేనండీ అని రెండుసార్లు అన్నాను.

ఆవిడ ఓపికగా అంతా విన్నది.

"మా చెల్లెలు కూడా అదే చెప్పింది," అంది. "నా మంచికోసమేనట."

వ్యాన్ వచ్చింది. ఆవిడ సగం తాగిన కప్పు పిట్టగోడమీద పెట్టి లేచింది. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా ఆ కప్పు తీసుకుని, అంచుకి నోరు పెట్టి, అడుగు దాకా తాగేశాను. చక్కెర లేని కాఫీ, చల్లారిపోయింది. ఆఖరి గుక్కకి మొహం చిట్లించానని కూడా చెప్పాలి. నలభై ఏళ్ళ వయసులో మొట్టమొదటిసారి ఇంకొకరి ఎంగిలి తాగాను.

వ్యాన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. దిగి వచ్చి నా చేతిలో కప్పు తీసుకుని, లోపలికి చూసి, మళ్ళీ గోడమీద పెట్టింది.

"పాపం, బాగా కష్టపడ్డావు," అంది. నవ్వింది కూడా. అయినా వెళ్ళిపోయింది. ఫోన్ నంబరు నేను అడగలేకపోయాను, ఆవిడ ఇవ్వలేదు.

ఆ రోజు గుంపు వెనక ఒక్కణ్ణే తొక్కాను. ఎత్తు వచ్చిన చోట దిగలేదు. దారిలో ఒక గుట్టమీద నిజంగా పెద్ద కోటే ఉంది. అందరూ లోపలికి వెళ్ళి చూశారు, నేను బయట గడ్డిలో కూర్చున్నాను. అక్కడే నా పెళ్ళైన కొత్తలో ఒక పొద్దు గుర్తొచ్చింది. మా మొదటి అపార్ట్‌మెంట్ వంటగదిలో నా భార్య కాఫీ సగం తాగి, కప్పు నావైపు చాచింది. నేను నా కప్పు నేను తెచ్చుకోవడానికి ముందు గదిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ తన కప్పు సింక్‌లో కడుగుతోంది. పదేళ్ళుగా అది నాకు గుర్తే లేదు.

ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చాను. బూట్లు కూడా విప్పకుండా అరోరాలో ఆవిడకి ఫోన్ చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. తెలిసే చేశాను.

"మీరా?" అంది. "ఏమన్నా పేపర్స్ సైన్ చెయ్యాలా?"

"అదేం కాదు. ఒకటి చెబుదామని. మనం కొత్తగా ఇక్కడికి వచ్చినప్పుడు, ఒకరోజు నువ్వు సగం తాగిన కాఫీ నాకిస్తే నేను తీసుకోలేదు. తీసుకోవాల్సింది."

అటుపక్క వాళ్ళక్క పిల్లలు కాబోలు, ఎవరో ఇంగ్లిష్‌లో పోట్లాడుకుంటున్నారు. ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసి వెళ్ళిపోయిందేమో అనుకున్నాను.

"ఏ రోజు?" అంది చివరికి. "ఆ సంవత్సరమంతా రోజూ ఇచ్చాను కదండీ."