మేనత్త నడిపించిన వెదురు ట్రాక్టరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ట్రాక్టరు నడిపేది మా మేనత్త. ఈ మాట ఇప్పుడు చెబితే వినేవాళ్లు నా మొహంలోకి ఒకసారి చూస్తారు, వయసు మీద పడి ఏదో కలిపి చెబుతున్నానేమోనని. కలపడం లేదు. మా నాన్న కొల్లూరులో బడిపంతులు. పొద్దున్నే సైకిలెక్కితే మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాకే ఇల్లు చేరేవాడు. మామయ్య పోయాక పుట్టింటికి వచ్చేసిన అత్తయ్యే పొలం పనులన్నీ చూసుకునేది. మా ఎడ్లు ముసలివైపోయినప్పుడు నాన్న చుట్టాల దగ్గర ఒక పాత చిన్న ట్రాక్టరు కొన్నాడు. దానికి పెట్టుకున్న డ్రైవరు రెండు నెలలకే తెనాలిలో లారీ పని దొరికిందని వెళ్లిపోయాడు. దుక్కి సగంలో ఆగింది. అత్తయ్య మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగో రోజు చీర చెంగు నడుముకి దోపుకుని తనే ఎక్కింది. మొదట్లో కరకట్ట మీద నిలబడి వింతగా చూసినవాళ్లే, ఆ తర్వాత మా చేను కూడా కాస్త దున్నిపెట్టమ్మా అంటూ ఇంటికి వచ్చేవాళ్లు.

మాది పెద్ద వ్యవసాయం కాదు. కాలవ కింద రెండెకరాల మాగాణి, కరకట్ట దగ్గర ఒక అరటితోట, ఆ తోటకి పక్కనే పొడుగ్గా, సన్నగా ఉండే కంద చెక్క, అంటే కంద వేసే చిన్న పొలం ముక్క. ఆ చెక్క చివర ఒక మురుగు బోదె ఉండేది. వెడల్పు తక్కువే అయినా లోతు ఎక్కువ. వేసవిలో కూడా అందులో మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉండేవి.

నాకు పదేళ్లప్పుడు వానలు విపరీతంగా పడ్డాయి. మాగాణిలో వరినాట్లకి దమ్ము చేస్తుంటే మా చిన్న ట్రాక్టరు బురదలో ఇరుసు దాకా కూరుకుపోయింది. అత్తయ్య ఎంత ప్రయత్నించినా అది ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. చివరికి పక్క ఊరి నుంచి ఒక పెద్ద ట్రాక్టరు వచ్చి, గొలుసు కట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నంత తేలిగ్గా దాన్ని బయటికి లాగింది. ఆ రోజు నాన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన చదువు చెప్పే పిల్లలు కొందరు అక్కడికి వచ్చి చూస్తున్నారు. పెద్ద ట్రాక్టరు కొనాలన్న ఆలోచన ఆయన మనసులో ఆ గట్టు మీదే పడిందని నాకు తర్వాత అర్థమైంది.

తర్వాతి వేసవి మొదట్లో, బడికి ఇంకా సెలవులు ఇవ్వకముందే, ఇంట్లో వేరే మాట లేదు. పెద్దదైతే దమ్ములో ఆగదు, పని సగం రోజులో అయిపోతుంది, అక్కకి శ్రమ తగ్గుతుంది అని నాన్న చెప్పేవాడు. అమ్మ వింటూ ఊ కొట్టేది. అత్తయ్య మాత్రం వద్దనలేదు, సరేననలేదు. ఒక రోజు మాత్రం, "చూసొద్దాం పద తమ్ముడూ. చూడకుండా ఏం చెబుతాను," అంది.

నన్ను కూడా తీసుకెళ్లారు. తెనాలిలో బస్సు దిగి, ట్రాక్టర్లు అమ్మే కొట్టుకి నడిచి వెళ్లాం. అక్కడ షెడ్డులో కొత్త రంగు వాసనతో నిలబడి ఉంది ఆ బండి. దాని వెనక చక్రం నాకంటే ఎత్తు. నాన్న దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. నన్ను ఎత్తి సీటు మీద కూర్చోబెట్టాడు. ఆ సీటు మీద నుంచి చూస్తే బజారంతా కిందకి దిగిపోయినట్టు అనిపించింది. ఇక నాకు ఇంకే ఆలోచనా రాలేదు. అది మాది అయిపోయింది.

అత్తయ్య సంచిలోంచి పురికొస ఉండ తీసింది. బండి పొడవు, వెనక దున్నే గొర్రు తగిలిస్తే ఎంత అవుతుందో ఆ పొడవు, చక్రం అంచు నుంచి చక్రం అంచుకి వెడల్పు, ఒక్కోదానికీ పురికొసకి ఒక్కో ముడి వేసింది. తర్వాత కొట్టు డ్రైవర్ని బతిమాలి, వెనక ఖాళీ స్థలంలో బండిని గుండ్రంగా ఒక చుట్టు తిప్పించింది. మట్టిలో పడిన చక్రాల జాడని కూడా కొలిచి ముడేసుకుంది. కొట్టాయన నవ్వుతూ, "ఏంటమ్మా, ట్రాక్టరుకి చొక్కా కుట్టిస్తారా?" అన్నాడు.

"మా పొలానికి చూపించాలండి. ఇంతదూరం అది రాలేదుగా," అంది అత్తయ్య.

మర్నాడు బళ్లో నేను అందరికీ చెప్పేశాను, మాకు పెద్ద ట్రాక్టరు వచ్చేస్తోందని. నమ్మని ఇద్దరు పిల్లలకి అది వచ్చిన రోజే సీటు మీద కూర్చోబెడతానని మాటిచ్చాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక అత్తయ్య నాలుగు వెదురు గెడలు తెప్పించింది. పురికొస ముడుల ప్రకారం వాటిని కోసి, నాలుగు మూలలా తాళ్లతో కట్టి, నేల మీద పెట్టింది. గొర్రుతో సహా ఆ ట్రాక్టరు ఎంత ఉంటుందో సరిగ్గా అంత చట్రం అది. ఎండ చల్లబడ్డాక మమ్మల్ని పిలిచి తలో మూలా పట్టుకోమంది. ముందు ఎడమ మూల నాన్న, కుడి మూల నేను. వెనక మూలల్లో అమ్మ, మా పాలేరు పెద్దాయన. అత్తయ్య మాత్రం ఏ మూలా పట్టుకోలేదు. చేతిలో ఒక మేకు, ఇంకో తాడు పట్టుకుని పక్కన నడిచింది.

అలా మా వెదురు ట్రాక్టరు డొంక వెంట బయలుదేరింది. ఎదురొచ్చినవాళ్లు ఏంటిది అని అడిగితే, "కొత్త బండి" అని నాన్నే నవ్వుతూ చెప్పాడు. తూము మీద జానెడు జాగా మిగిలింది. మాగాణిలోకి దిగితే హాయిగా తిరిగింది, గట్లకి ఎక్కడా తగల్లేదు. నాన్న నడకలో హుషారు కనిపించింది. అరటితోటలో రెండు వరసలు తీసేయాల్సి వస్తుందని తేలినా, అవి ఎలాగూ పాతవేలే అన్నాడు.

ఆఖరుకి కంద చెక్కలోకి వచ్చాం. చివరి దాకా నడిచి, బోదె ముందు ఎడమకి తిరగాలి. అత్తయ్య మేకు పాతి, తెనాలిలో కొలిచిన చుట్టు ప్రకారం దానికి కట్టిన తాడు రెండో కొస నాన్న పట్టుకున్న మూలకి కట్టింది. ఆ తాడు వదులు కాకుండా నడిస్తే, అసలు ట్రాక్టరు ఎంత జాగాలో తిరుగుతుందో మేమూ అంతలోనే తిరుగుతాం. తిరగడం మొదలుపెట్టాం. బయటి వైపు మూల నాది కాబట్టి నేనే అందరికంటే పెద్ద చుట్టు తిరగాలి. నాలుగడుగులు వేసేసరికి నా కాలి ముందు నేల అయిపోయింది. ఇంకో అడుగు తిన్నగా వేస్తే బోదెలోకే.

నేను ఆగానా అంటే లేదు. నా చేతిలో మూలని మెల్లిగా లోపలికి లాక్కున్నాను. తాళ్లతో కట్టిన చట్రం కదా, కాస్త ఏటవాలుగా ఒదిగింది. బోదె అంచు వెంటే నాలుగడుగులు పక్కకి నడిచి, మలుపు దాటాక మళ్లీ నా మూలని బయటికి జరిపేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను. నాన్న వెనక్కి తిరిగి, "తిరిగింది కదక్కా," అన్నాడు. అత్తయ్య మేకు పీకుతూ, "ఇంటికి పదండి, చీకటి పడుతోంది," అంది. ఆ రాత్రి నాన్న సంతోషంగా భోజనం చేశాడు. నేను కూడా అలాగే చేశాననుకుంటాను, కానీ కూర ఏమిటో గుర్తు లేదు.

మర్నాడు పొద్దున అత్తయ్య నన్ను మా చిన్న ట్రాక్టరు మీద ఎక్కించుకుని తోటకి తీసుకెళ్లింది. కంద చెక్క చివర బండి ఆపి, దిగి, చాలా మామూలుగా అడిగింది.

"కోడలా, నిన్న నీ మూల ఇక్కడ ఎటు నడవాలో అటు నడిచి చూపించు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే అబద్ధం చెప్పేదాన్నేమో. నేను నిన్న వేయాల్సిన అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, బోదె అంచున ఆగిపోయాను. అక్కడి నుంచి వేలితో చూపించాను, ఇంకా లోపలికి, నీళ్లలోకి. అత్తయ్య చీర కాస్త ఎత్తి పట్టుకుని, నేను చూపించిన చోట బోదెలోకి దిగి నిలబడింది. నీళ్లు ఆవిడ మోకాళ్ల దాకా వచ్చాయి. నేలకీ ఆవిడ భుజానికీ పెద్ద తేడా లేదు, అంత లోతు.

"ముందు చక్రం ఇక్కడ దిగుతుంది. అంత బరువైన బండి ఒక పక్కకి వాలితే ఎవరూ ఆపలేరు. దాని మీద కూర్చునేది నేనే కదమ్మా," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ మలుపు దగ్గర నా కళ్లకి ట్రాక్టరు కనిపించింది, బళ్లో పిల్లలు కనిపించారు. ఆ సీటు మీద ఉండే మనిషి మాత్రం ఒక్కసారి కూడా కనిపించలేదు. అత్తయ్య పైకి వచ్చి, తడిసిన కుచ్చిళ్లు పిండుకుంది. తర్వాత అన్న మాట నేను అసలు ఊహించలేదు.

"నాకూ ఆ బండి కావాలనే ఉంది. తెనాలిలో స్టీరింగు పట్టుకుంటే ఒక్క వేలితో తిరిగింది. దీన్ని తిప్పి తిప్పి నా భుజాలు పోతున్నాయి. నేను కూడా ఒక మూల పట్టుకుంటే నా చెయ్యి కూడా లోపలికే లాగేది. అందుకే నేను పట్టుకోలేదు, పక్కన నడుస్తూ చూశాను."

నాన్నకి చెబుతావా అని అడిగాను. "నువ్వు చెబితే బాగుంటుంది," అంది, అంతే.

రోజంతా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగాను. సాయంత్రం నాన్న సైకిలు గోడకి ఆనించి కాళ్లు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్లి చెప్పేశాను. కంద చెక్కలో అది తిరగలేదు, నేనే లోపలికి లాగాను అని. దెబ్బ పడుతుందనే అనుకున్నాను. బళ్లో ఆయన చాలా ఖచ్చితమైన మనిషి. పరీక్షలో పక్క పిల్లాడి పలక చూసినా ఊరుకునేవాడు కాదు. నాన్న చెంబు కింద పెట్టాడు.

"నువ్వు లాగినప్పుడు నా చేతిలో గెడ కదిలిందమ్మా. నాకు తెలిసింది. పిల్ల అడుగు తప్పిందిలే అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది," అన్నాడు.

వంటింటి గుమ్మంలో ఉన్న అత్తయ్య ఆ మాట విన్నది. లోపలికి వెళ్లి ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఒక పెద్ద మనిషి, అందులోనూ పంతులు, పదేళ్ల పిల్ల ముందు తన తప్పు తను చెప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. దెబ్బ పడి ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్ని.

ఆ ఏడు మేం పెద్ద ట్రాక్టరు కొనలేదు. నాన్న చిన్నదాన్ని తెనాలి తీసుకెళ్లి స్టీరింగు బాగు చేయించాడు. మాగాణిలో దమ్ముకి మాత్రం పక్క ఊరి పెద్ద బండిని పిలిచేవాళ్లం. అది కూరుకుపోకుండా ఒక్క పూటలో పని ముగించి వెళ్లేది. ఆ విషయంలో నాన్న చెప్పిందే నిజమని అత్తయ్య నలుగురిలో ఒప్పుకునేది కూడా. బళ్లో నేను మాటిచ్చిన ఇద్దరూ కొన్నాళ్లు నన్ను ఏడిపించారు. నాలుగేళ్ల తర్వాత బోదె అవతలి పొలం వాళ్లతో మాట్లాడుకుని, చెక్క చివర బోదెకి గొట్టాలు వేయించి పైన మట్టి పోయించారు. అప్పుడు కొన్నారు పెద్ద ట్రాక్టరు. అత్తయ్య దాన్ని పదేళ్ల పైనే నడిపింది. ఆ మలుపులో ఒక్క వేలితో స్టీరింగు తిప్పుతూ ఆవిడ వెళ్తుంటే చూడటం నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ పొలం మా తమ్ముడి కొడుకు చేస్తున్నాడు. ఉన్న ట్రాక్టరు కంటే పెద్దది తీసుకోవాలా వద్దా అని మొన్న ఫోన్ చేసి అడిగాడు. ట్రాక్టర్ల గురించి నాకేం తెలుసు? నీకంత మోజు లేకపోతే నువ్వే కొలుచుకో, మోజుగా ఉంటే మీ ఆవిడ చేత కొలిపించు అన్నాను. వాడు నవ్వాడు కానీ, వారం తర్వాత మళ్లీ చేసి, వాడి భార్య టేపు పట్టుకుని పొలమంతా తిరిగిందని, తను అనుకున్న దానికంటే ఒక సైజు తక్కువ తీసుకుంటున్నామని చెప్పాడు.

నేను పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సంబంధాలు చూసినా, ఇల్లు కట్టుకున్నా, నాకు బాగా కావాలనిపించిన దాని కొలత మాత్రం నేను తీయను. అది అక్కర్లేనివాళ్లని ఎవరినైనా పిలుస్తాను. ఈ మధ్య మోకాళ్ల నొప్పులని మా అమ్మాయి నన్ను గుంటూరు తీసుకెళ్లింది. ఆపరేషనంటే నాకు భయం. మెట్లు ఎక్కగలుగుతున్నారా అమ్మా అని డాక్టరుగారు అడిగారు. హాయిగా ఎక్కుతున్నానండి అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"నన్ను అడగకండి డాక్టరుగారూ," అన్నాను. "మా అమ్మాయిని అడగండి. రోజూ నా వెనకాలే ఎక్కుతుంది."