యాదమ్మ వంటింట్లో నేను పోసిన నెత్తురు

కోరి కోరి కొంప మీదికి తెచ్చుకోవడం అంటారే, అది నేను అక్షరాలా చేశాను. కొంప కూడా నాది కాదు, కిరాయిది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. కానీ కథలో నెత్తురు ఎక్కువైందని మాత్రం అనకండి, ఒప్పుకోను.

తొంభైల చివర, హైటెక్ సిటీలో మనుషులకన్నా బండరాళ్లే ఎక్కువ కనిపించే రోజులు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని హడలిపోతున్న కంపెనీలకు పగలంతా ధైర్యం చెప్పేవాణ్ని. సాయంత్రం హఫీజ్‌పేట్‌లో గదికి చేరి, హాయిగా ఉన్న తెలుగువాళ్లను హడలగొట్టేవాణ్ని. ఒక వారపత్రికలో మారుపేరుతో దయ్యాల కొంప సీరియల్ రాస్తున్నాను మరి. పెళ్లికాని వాడికి ఎవరూ ఇల్లివ్వని ఊళ్లో మేడ మీద గది ఇచ్చిన పుణ్యాత్మురాలు యాదమ్మ. కింద ఒక వాటాలో ఆమె ఉండేది, రెండో వాటా ఖాళీ.

నెత్తురు కాస్త తగ్గించమని ఎడిటర్ అడిగాడు. తగ్గిస్తే సీరియలే ఆపేస్తానని ఆయన బల్ల గుద్ది మరీ చెప్పొచ్చాను. పాతికేళ్లు నిండలేదు కానీ పొగరు నిండుగా ఉండేది.

ఇక నా ఘనకార్యం వినండి. దయ్యాల కొంప ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఆ ఖాళీ వాటానే ఉన్నదున్నట్టు దించేశాను. నీలం గేటు, సీతాఫలం చెట్టు, వంటింట్లో పగిలిన కిటికీ అద్దం, దాని కింద నేలలో పాతిన రోలు. సీరియల్లో అత్త చేత కోడలి తల ఆ రోలుకే కొట్టించాను. గోడకు జుట్టు ఎలా అంటుకుందో వర్ణించడానికే ఒక పేజీ పట్టింది.

అది అచ్చయిన మూడు వారాలకు, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తాగారు భార్యతో వాటా చూడ్డానికి వచ్చారు. ఆవిడ చేతిలో మా పత్రిక, ఆ హత్య ఉన్న సంచికే, ఉంది. గేటు చూసి ఆగింది, చెట్టు చూసి భర్త చెయ్యి పట్టుకుంది. వంటింట్లో రోలు చూసి, "ఆ పిల్లని చంపింది దీని మీదే కదండీ" అంది. ఎవర్ని చంపారని యాదమ్మ అడిగేలోపే, పత్రిక అక్కడే పారేసి ఇద్దరూ రైల్వే స్టేషన్ దారి పట్టారు.

యాదమ్మకు చదువు రాదు. నన్ను పిలిచి, రోలు పక్కన కూర్చోబెట్టి చదవమంది. గది పోతే నన్ను రానిచ్చే వాళ్లు లేరు. అందుకని ఎడిటర్ బల్ల గుద్దిన వీరుడు ఏం చేశాడంటే, తల సంగతి ఎగరగొట్టాడు, జుట్టు సంగతి ఎగరగొట్టాడు, కోడలికి కాలు జారి మోచెయ్యి గీరుకుందని చదివాడు.

"గింతదానికే ఆమె ఉరికిందా? ఉన్నదున్నట్టు చదువు బిడ్డా."

చదివాను. ఆమె రెప్ప వెయ్యకుండా విన్నది.

"పలిగిన అద్దం సంగతి ఇంట్ల ఉన్నోళ్లకు తప్ప ఎవలికెరుక? నువ్వే రాసినవ్."

తలూపి, అచ్చయి మూడు వారాలైందని కూడా ఒప్పుకుని, నెత్తురు ఎక్కువైందా అండి అని నసిగాను.

"నెత్తురుకేంది, తల పలిగితే గంతనే అయితది. మా ఆయన గోడ మీదికెళ్లి పడ్డప్పుడు నేనే కడిగిన. మూడు వారాల సంది నా వంటింట్ల నెత్తురు గట్లనే ఉంచినవ్. గిసుంటి గలీజు ఇంట్లకు ఎవలొస్తరు?"

ఇదంతా ఉత్త కథేనండి అన్నాను.

"కథల పోసినవ్ గదా, కథలనే కడుగు. వచ్చే వారం దాక కడగకుంటే గది ఖాళీ చెయ్."

నిజంగా సిగ్గేసింది. అన్ని పేజీల నెత్తురు పారించాను కానీ, అది కడిగేవాళ్లు ఒకరుంటారని నాకు తట్టనే లేదు.

మరుసటి వారం సీరియల్లో, కడగడానికి కోడలి దయ్యమే నడుం వంచింది. రోలు సందుల్లో కొబ్బరిపీచు పెట్టి ఎలా రుద్దాలో, గోడకంటిన జుట్టు ఎలా గీకాలో యాదమ్మ చెబుతుంటే రాసుకున్నాను. చంపడానికి ఒక పేజీ, కడగడానికి నాలుగు. మునుపటి వాటికన్నా ఇదే ఎక్కువ భయపెట్టిందని పాఠకులు ఉత్తరాలు రాశారు. పారిపోయిన గుమాస్తాగారి భార్య కూడా తిరిగొచ్చి, రోలును వేలితో రాసి చూసుకుని, వాటాలో దిగింది.

గది దక్కిందని నేను ఊపిరి పీల్చుకుంటుంటే యాదమ్మ మేడెక్కి వచ్చింది.

"వచ్చే వారం ఎవల్ని సంపుతవ్ బిడ్డా? జర ముందుగాల చెప్పు, నెత్తురంటకుంట చాప తీసిపెడ్త."

అప్పటికప్పుడు, ఆమె ఎదుటే, చెయ్యెత్తి ప్రమాణం చేశాను. సొంతిల్లు కట్టుకునే దాకా ఎవరి తలా పగలగొట్టను. కట్టుకున్నాక మాత్రం, ఏ ఎడిటర్ అడ్డొచ్చినా సరే, ఒక్క గది కూడా వదలను.