ముందు పట్టినవాడు

మా నాన్న ఏ బరువునైనా వెనకవైపే పట్టుకునేవాడు. యుద్ధం నుంచి వచ్చాక ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే పనిలో చేరాడు. బీరువా అయినా సోఫా అయినా ముందువైపు ఇంకొకడు ఉండాల్సిందే. ఆ ముందువాడు "దించు" అనేదాకా చచ్చినా దించేవాడు కాదు. ఇంట్లోనూ అదే వరస. బట్టల మూట ఎత్తుకొచ్చి గుమ్మంలో అలాగే నిలబడిపోయేవాడు.

"దించండి మహానుభావా! బొట్టు పెట్టి చెప్పాలా?" అనేది అమ్మ. మేం పగలబడి నవ్వేవాళ్లం.

అసలు సంగతి నా పెళ్లయ్యాక గాని నాన్న బయటపెట్టలేదు. యుద్ధంలో ఆయన పని గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోసుకురావడం. వెనక పట్టినవాడికి తన కాళ్లు కనపడవు, దారి కనపడదు. ముందువాడే చూసి చెప్పాలి. నాన్నకు ముందు పట్టేవాణ్ణి అందరూ బక్కోడు అనేవారట. మనిషి పుల్ల, గొంతు మాత్రం కంచు.

ఒక మధ్యాహ్నం వాగు దాటుతుంటే ఫిరంగి గుండ్లు పడ్డాయి. దుమ్ములో నాన్నకు తన చేతులే కనపడలేదు. ముందునుంచి మాట మాత్రం ఆగలేదు. "రాయి. గుంట. పల్లం, మెల్లగా." ఆ మాట పట్టుకునే నాన్న ఆసుపత్రి డేరాదాకా నడిచాడు.

డాక్టరు బయటికొచ్చి, "ఒక్కడివే ఎలా మోసుకొచ్చావయ్యా?" అన్నాడు. ముందు ఎవరూ లేరు. స్ట్రెచర్ మాత్రం గాలిలో సమంగా ఉంది. ఎవరో పరుగెత్తుకొచ్చి దాన్ని నాన్న చేతుల్లోంచి లాక్కున్నారు. గాయపడ్డవాడు బతికాడు. బక్కోడి శవం వాగు దగ్గరే, మొదటి గుండు పడ్డచోటే దొరికింది.

"వాడు దించమనలేదమ్మా. ఆ మాట వినకుండా నేను పోతే, పోయాక కూడా మోస్తూనే ఉండాలేమోనని నా భయం," అన్నాడు నాన్న.

అయినా నా నోరు ఊరుకుంటుందా? "అక్కడ కూడా కూలిపనేనా నాన్నా?" అన్నాను. నాన్న నవ్వలేదు.

మొన్న ఎండాకాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. మాది మూడో అంతస్తు, లిఫ్టు ఎప్పటిలాగే పడకేసింది. అంబులెన్సులో డ్రైవరు ఒక్కడే వచ్చాడు, అతని నడుముకే పట్టీ ఉంది. స్ట్రెచర్ ముందువైపు మా ఆయన పట్టారు, వెనక నేను. మా ఆయన తుమ్మినా క్షమించమన్నట్టు తుమ్ముతారు.

మెట్ల మీద వెలుతురు లేదు. నాకు నాన్న ముఖం, దాని అవతల ఒక వీపు తప్ప ఏమీ కనపడటం లేదు.

"మెట్టు," అని ముందునుంచి వినపడింది. "మెట్టు. మలుపు, మెల్లగా."

ఈయనకింత గొంతు ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను. నాన్న కళ్లు విప్పార్చుకుని వింటున్నాడు.

కింది గుమ్మం చేరేసరికి నా చేతులు పడిపోతున్నాయి. దించబోతే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగమ్మా. వాణ్ణి చెప్పనీ."

"నేను చెబుతున్నా కదండీ, దించనివ్వండి," అంది వెనకే దిగిన అమ్మ ఏడుస్తూ. నాన్న తల అడ్డంగా ఊపాడు. నాకు భయమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ఎవరో ఒకరు చెప్పి చావండి!" అని అరిచాను.

"ఇక దించరా," అంది ముందునుంచి ఆ కంచు గొంతు.

నా మణికట్టు మీద పట్టు సడలింది. దించి చూసేసరికి నాన్న ఊపిరి లేదు. ముఖం మాత్రం అలసట తీరి పడుకున్నట్టుంది.

మా ఆయన మెల్లగా ఇటు తిరిగారు. "నేనసలు నోరే విప్పలేదు," అన్నారు. "బరువు కూడా నా మీద పడలేదు."

అమ్మ వినిపించుకోలేదు. నాన్న పక్కన కూలబడి, "ఇన్నాళ్లకు ఖాళీ అయ్యాయా మీ చేతులు?" అంటూ ఆయన ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. పని మానేసి పదేళ్లయిన మనిషి. రెండు అరచేతుల్లోనూ స్ట్రెచర్ కర్ర ఒరిపిడికి లేచిన బొబ్బలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.