మూసిన డబ్బా

ఊళ్లలోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. చేపల చెరువులకు సలహాలు చెప్పే ఉద్యోగం నాది. ఖమ్మం వెళ్లే బస్సులో, ఏన్కూరు దగ్గర ఒకాయన తడి గోనెసంచితో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. సంచిలో పొట్టలుబ్బి చచ్చిన బొచ్చె చేపలు.

నా ఉద్యోగం తెలియగానే, నేనే చంపినట్టు చూశాడు. "పొద్దుమాపు తవుడు, పల్లిచెక్క కడుపునిండ పెట్టిన. అయినా సచ్చినయ్."

"మేత ఎక్కువైతే పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గి చెడ్డది పెరుగుతుంది. మిగిలినవాటికి కొన్నాళ్లు మేత ఆపండి," అన్నాను, నా అన్నం డబ్బా మూత తీస్తూ.

ఆయన ఆ మూతను దబ్బున మూసేశాడు. "నోరులేని జీవాలను పస్తులుంచమంటవా? ముందుగాల నువ్వు పస్తుండు!"

తల్లాడ దాటినా మూత మీంచి చెయ్యి తియ్యలేదు. బస్సులో ఒక్కరూ నా తరఫున మాట్లాడలేదు.

నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ అదే చెబుతాను. చెప్పాల్సిన రోజు మాత్రం అన్నం డబ్బా తీసుకెళ్లను.