సుత్తి పట్టనివ్వని మేనత్త

మా మేనత్త మంగళవారం పొద్దున్న పోయింది. రైల్వే ఆసుపత్రి నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసి, “బావా, అమ్మ ఎలిపోయింది” అని మాత్రం అంది. అంత్యక్రియలు ముగించుకుని సాయంత్రం టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వస్తుంటే మా తెలుగు సంఘం గేటుకు అప్పటికే ఫ్లెక్సీ కట్టేసి ఉంది. అందులో అత్త బొమ్మ అరచేతంత, అధ్యక్షుడి బొమ్మ తలుపంత. కింద ‘వరదలో పడవ నడిపిన మాతృమూర్తి’ అని రాయించారు. ఆవిడ పడవ నడపలేదు. ఆ రోజు ఆవిడ ఏం చేసిందో పక్కనే నిలబడి చూసినవాళ్లకే గుర్తు లేదు.

ఆదివారం సంతాప సభలో చదవడానికి నాలుగు మంచి మాటలు రాయమని నాకు చెప్పారు. నేను సంఘం కార్యదర్శిని, పైగా మేనల్లుణ్ణి. అత్తకు మంచి మాటలంటే ఒళ్లుమంట. అందుకని జరిగిందే రాస్తున్నాను.

మావయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం అత్తకు ఇచ్చారు. ఖలాసీగా చేరింది, ఫిట్టరుగా రిటైరైంది. మొదట్లో ఆవిణ్ణి చూసి నవ్విన మగాళ్లే తరవాత తరవాత ఊడిరాని బోల్టులన్నీ పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టేవారట. నట్టు విప్పేముందు దాన్ని బొటనవేలితో తడిమేది. తడిమి, బిగించినవాడి జాతకం చెప్పేది. “ఎవుడు బిగించినాడ్రా దీన్ని? ఆడికి పింఛను కూడా వస్తందా?” మావయ్య కళ్లజోడే పెట్టుకునేది. టీ సాసరులో పోసుకుని, ఊదుతూ, వీధిలో పోయే ప్రతివాడి పనితనానికీ ఒక మాట తగిలించేది. వాడు పంతులుగారైనా సరే, మా అధ్యక్షుడైనా సరే.

నాకు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు స్పానరు ఎలా పట్టుకోవాలో చూపించింది ఆవిడే. “సుత్తున్నోడికి బుర్రెందుకు అల్లుడా” అనేది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆవిడ నేర్పిన పని పెట్టినదే.

ఇక పడవ సంగతి. ఒక ఏడాది కాసాయి నది పొంగి అవతలి లంక మునిగితే, మా సంఘం వాళ్లకు దయ పుట్టుకొచ్చింది. చందాలతో మోటారు పడవ కొన్నారు. శంఖం ఊదించారు. అధ్యక్షుడు లైఫ్ జాకెట్ తొడుక్కుని ఒడ్డు మీదే ఫోటోలు దిగాడు. తరవాత దాన్ని నది పక్క రేకుల షెడ్డులో పడేసి, అందరూ దాదా అని పిలిచే ఒక ముసలి బెంగాలీని కాపలా పెట్టి, అందరూ మరిచిపోయారు.

ఆ మరిచిపోయినవాళ్లలో నేను కొంచెం నయం అనుకునేవాణ్ణి. వానాకాలం ముందు ఒక సెలవురోజు కొత్త గ్రీజు గన్ను పట్టుకుని షెడ్డుకెళ్లాను. ముందున్న స్టీరింగు చక్రం తిప్పితే కేబుల్ వెనకదాకా పోయి, దాని కొసనున్న ఉక్కు రాడ్డు ఒక గొట్టంలో ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అలా జరిగితేనే వెనకున్న మోటారు పక్కకు మళ్లి పడవ దారి తిరుగుతుంది. ఆ రోజు రాడ్డు పూర్తిగా బయటికి ఉంది. దాదా మెల్లగా, “బాబు, ముందు రాడ్డు లోపలికి పోనీ. తరవాత గ్రీజు” అన్నాడు.

“ఫ్యాక్టరీలో మెషిన్లు చూసేది నువ్వా నేనా?” అన్నాను. గొట్టం నిండా గ్రీజు కుక్కాను. ఫోటో తీసి సంఘం వాట్సాప్‌లో పెట్టాను. అందరూ దణ్ణాలు పెట్టారు. ఇంత ఘనకార్యం చేసి ఇంటికొచ్చి చేపల పులుసు తిన్నాను.

నెల తిరక్కుండానే నది పొంగింది. లంకలో కూరగాయలు పండించుకునే నాలుగు కుటుంబాలు చిక్కుకున్నాయి. వాళ్లలో ఒక బాలింత ఉంది. షెడ్డులో పడవ ఉంది, మోటారు ఉంది, పెట్రోలు ఉంది, సంఘం మొత్తం ఉంది. చక్రం మాత్రం ఇంచు తిరగడం లేదు. కేబుల్ పట్టేసింది. ముగ్గురు కలిసి చక్రాన్ని పీకారు. అధ్యక్షుడు సమ్మెట తెమ్మన్నాడు. నేను టోటో ఎక్కి అత్త ఇంటికి పరిగెత్తాను.

అత్త పనిముట్ల గోనెసంచితో దిగింది. సమ్మెట చూసింది.

“ఎవుడిదిది?”

“నాదేనమ్మా” అన్నాడు అధ్యక్షుడు.

“పట్టుకెల్లి నీట్లో పడీ. నువ్వూ దాంతోటే ఎల్లిపో.”

మోటారుకూ రాడ్డుకూ మధ్య ఉన్న లింకు విప్పింది. నట్టు వదులు చేసింది. ఎవడో మంట పెడదామన్నాడు. “పెట్రోలు పక్కన మంటేటి? బుర్రలెలాగూ లేవు, ఒల్లైనా దాసుకోండి” అంది. టీ కొట్టు నుంచి మరిగే నీళ్లు తెప్పించి, గుడ్డలు ముంచి గొట్టానికి చుట్టింది. చల్లారగానే మళ్లీ ముంచింది. సందుల్లో కిరసనాయిలూ నూనే కలిపి చుక్కచుక్కగా పోసింది. చెక్కముక్క అడ్డం పెట్టి చిన్నగా తట్టింది. స్పానరుతో రాడ్డును వెంట్రుకవాసి అటూ, వెంట్రుకవాసి ఇటూ తిప్పింది. వెనక నుంచి అందరూ తొందర. “ఇనుం మొండిది కాదురా, మీకే కంగారు” అంది, తల ఎత్తకుండా.

గంటన్నరకు రాడ్డు కదిలింది. దాని వెనకే గ్రీజు ముద్దలుగా బయటికొచ్చింది. అత్త ఒక ముద్ద వేలి మీదకి తీసుకుంది. పాత గ్రీజైతే నల్లగా, గట్టిగా ఉంటుంది. ఇది ఇంకా పచ్చగా మెరుస్తోంది. రాడ్డు బయటుండగా ఎవడో కుక్కాడు, లోపలికి జరగడానికి దానికి చోటే లేకుండా చేశాడు. ఆవిడ ముందు గ్రీజును చూసింది, తరవాత నన్ను చూసింది. వేలు తుడుచుకుని లింకు మళ్లీ బిగించింది. దాదా పడవ తీశాడు. చీకటి పడేలోపు బాలింతతో సహా అందరినీ ఒడ్డుకు చేర్చాడు.

మరుసటి వారం విచారణ పెట్టారు. అంతా శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. వాట్సాప్‌లో నా ఫోటోకు దణ్ణాలు పెట్టినవాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు. “కాపలావాడు తాగి పడుకుంటే పడవ పాడవదా?” అన్నాడు అధ్యక్షుడు. దాదా జన్మలో తాగి ఎరగడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఆయన్ను తీసేస్తున్నట్టు నా చేత్తోనే రాశాను. దాదా నా వైపు ఒకసారి చూసి, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం అత్త అడిగింది. “సెప్పినావా?”

“లేదత్తా.”

ఆ రోజు నుంచి నేను ఆవిడకు అల్లుణ్ణి కాను. వెళితే టీ ఇచ్చేది. “తాగండి సెక్రటరీ గారూ” అనేది. రెండేళ్లు ఆ టీ తాగాను. దానికన్నా చెంపదెబ్బ తేలిక.

పోయిన శనివారం ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. “ఆ రాడ్డు గంటన్నరకి కదిలింది. నువ్వు రెండేల్లకీ కదల్లేదు” అంది. అవే నాతో ఆఖరి మాటలు. ఎంత తిట్టినా, మళ్లీ ‘నువ్వు’ అన్నందుకు బయటికొచ్చి ఏడ్చాను.

కాబట్టి సభలో కూర్చున్న పెద్దలారా, వినండి. గ్రీజు కుక్కింది నేను. వద్దని చెప్పింది దాదా. తాగుబోతని ముద్ర వేసింది మనం. ఫ్లెక్సీ మీద ఆ మాట రాయించండి, మా అత్త బొమ్మకు అదే దండ.

నిన్న షెడ్డుకెళ్లాను. కొత్త కాపలావాడు బయట బీడీ కాల్చుకుంటున్నాడు. లోపల దాదా రాడ్డు తుడుస్తున్నాడు. ప్రతి వారం వస్తాడట, దీదీ చూస్తుండమందట. దీదీ అంటే మా అత్తే. ఆదివారం అందరి ముందూ చెప్తానని ఆయనతో అన్నాను. “ఠీక్ హై” అన్నాడు. నమ్మినట్టు లేదు. నమ్మమని అడిగే ముఖం నాకూ లేదు. గుడ్డ భుజాన వేసుకుని, ముందున్న చక్రం చూపించాడు.

“తిప్పు బాబు. రాడ్డు లోపలికి పోవాలి.”

ఒక వేలితో తిప్పాను. చప్పుడు లేకుండా చివరిదాకా పోయింది.